యంత్రాల ఉపయోగార్థం మాత్రమే

మా ఆఫీసులో స్పష్టంగా రాసినవాడెవడూ పైకి రాలేదు. నేను వచ్చాను. జూనియర్ అసిస్టెంటుగా చేరిన నన్ను సీనియర్ అసిస్టెంటును చేసింది నా చదువు కాదు, నా డ్రాఫ్టింగు. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన ఏ ఒక్క వాక్యాన్నీ పట్టుకుని ఎవరూ ఎవరినీ ఏమీ అనలేకపోయారు. ‘తగిన పత్రములు జతపరచి, తగిన అధికారి ద్వారా, తగిన సమయములో సమర్పించిన యెడల తగు విధముగా పరిశీలించబడును’ అన్న వాక్యం నాదే. మా శాఖలో ప్రతి గోడ మీదా అది ఉంది. దాని కింద నిలబడి చదువుకున్నవాళ్ళు వేలమంది. దానివల్ల పని జరిగినవాడు ఒక్కడూ లేడు, దాన్ని తప్పు పట్టినవాడూ లేడు.

మాది నావల నమోదు శాఖ. తీరంలో వేటకు వెళ్ళే ప్రతి నావకూ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు మా రికార్డులో బతికున్నంతవరకే ఆ నావ సముద్రంలోకి వెళ్ళగలదు. మా జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారు ఈ సంగతే మరికాస్త గంభీరంగా చెబుతారు. “నీటిలో తేలునది నావ కాదయ్యా. రికార్డులో తేలునది నావ.”

ఈ ఏడాది మార్చిలో హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. ఇకమీదట రికార్డుల్లో ఏ మార్పూ మనుషులు చేయకూడదు, యంత్ర ప్రతినిధులే చేయాలి. యంత్ర ప్రతినిధి అంటే ఏఐ. పని చెబితే అర్థం చేసుకుని, తనంతట తానే రికార్డు తెరిచి, మార్చి, మూసేసే ప్రోగ్రాము. అది వాడే పనిముట్టుకు ‘నావ సవరణి’ అని పేరు పెట్టారు. అసలు ఇబ్బంది సర్క్యులరు చివర ఉంది. ఈ సవరణిని ఎప్పుడు, ఎలా వాడాలో ప్రతి జిల్లా ఆఫీసూ ఒక పత్రం రాయాలట. ఆ పత్రం ‘యంత్రమునకు అర్థమగునంత స్పష్టముగా’ ఉండాలట.

పరాంకుశం గారు ఆ మాట దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“స్పష్టముగా అంటే ఏ మేరకు?”

“తగిన మేరకు సార్,” అన్నాను.

“అయితే నువ్వే రాయి.”

రెండు రోజుల్లో రాసేశాను. మంచి డ్రాఫ్టు, పద్నాలుగు పేజీలు. యంత్రం సంగతి చూసుకోవడానికి హైదరాబాదు నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. ఆ డ్రాఫ్టును తన లాప్‌టాప్‌లో ఉన్న నమూనా యంత్రానికి చదవడానికి ఇచ్చింది. పావుగంటలో యంత్రం నలభై ఒక్క ప్రశ్నలు పంపింది.

‘తగిన పత్రములు ఏవి? తగిన అధికారి ఎవరు? ఆయన లేనప్పుడు ఎవరు? తగిన సమయం అంటే ఎన్ని రోజులు? పరిశీలించబడును అన్నారు, పరిశీలించేది ఎవరు? పరిశీలించాక ఏం చేస్తారు?’

ఇరవై రెండేళ్ళలో నన్నెవరూ ఇలా అడగలేదు. నలుగురిలో చొక్కా విప్పమన్నట్టు సిగ్గేసింది.

“సర్, అది మిమ్మల్ని తప్పు పట్టడం లేదు,” అంది హిమజ. మంచి పిల్ల, ఓపిక ఉంది. “దానికి నిజంగానే తెలియదు. చెప్పకుండా వదిలేస్తే ఏదో ఒకటి ఊహించుకుని రికార్డులు మార్చేస్తుంది. అందుకే అడుగుతోంది.”

“మనుషులు కూడా ఊహించుకునే కదమ్మా తిరుగుతున్నారు.”

“మనుషులు విసుగొచ్చి వెళ్ళిపోతారు సర్. ఇది వెళ్ళదు.”

పరాంకుశం గారు వెంటనే ‘తగిన’ అనే పదాన్ని నిర్వచించడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ పదకొండు రోజులు కూర్చుంది. ‘తగిన’ అనగా ‘సముచితమైన’ అని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం యంత్రానికి పంపాం. ఈసారి నలభై రెండు ప్రశ్నలు వచ్చాయి.

ఇంక దారి లేక, అసలు నియమమేమిటో వెతకడం మొదలుపెట్టాం. పాత ఫైళ్ళ గదిలో, తాడు కట్టిన కట్టల కింద, ముప్పై ఏళ్ళనాటి ఉత్తర్వు దొరికింది. మునిగిందని పొరపాటున నమోదైన నావను తిరిగి తేలుతున్నట్టు నమోదు చేయడానికి కావలసినవి మూడే. నంబరు కనబడేలా నావ ఫొటో, యజమాని గుర్తింపు కార్డు, తప్పు ఎలా జరిగిందో తెలిపే ఒక వాక్యం. హిమజ లెక్క వేసి చూస్తే పని నాలుగు నిమిషాలది.

మేము అడుగుతున్నవి తొమ్మిది కాగితాలు. వాటిలో నావ మునిగిందని ఒక ధ్రువపత్రం, మునిగిన నావ మళ్ళీ తేలిందని మరో ధ్రువపత్రం. ఈ రెంటి మధ్యా అది నీటి అడుగున ఉన్న కాలంలో ఎవరి ఆధీనంలో ఉందో తెలిపే ధ్రువపత్రం ఒకటి. ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చాయని ఆరా తీశాం. బదిలీ అయి వెళ్ళిన ప్రతి అధికారీ తన గుర్తుగా ఒక్కొక్కటి చేర్చి వెళ్ళారు.

ఆ తరువాత మాట తీరు దగ్గర చిక్కొచ్చింది. పరీక్షకని యంత్రం చేత ఒక అర్జీ పెట్టిస్తే, అలవాటు కొద్దీ మా వాళ్ళు “రేపు రండి” అన్నారు. మర్నాడు సరిగ్గా పది గంటలకు అది వచ్చింది. మళ్ళీ రేపు రమ్మన్నారు. మళ్ళీ వచ్చింది. అయిదో రోజున, ఏ తారీఖున ఎవరు ఏ ‘రేపు’ చెప్పారో పట్టిక వేసి హెడ్డాఫీసుకు పంపింది. పరాంకుశం గారికి ఆ రోజు భోజనం సహించలేదు. దాంతో పత్రంలో ‘యంత్రముతో అనరాని మాటలు’ అని ఒక అధ్యాయం చేరింది. రేపు రండి, సారు మీటింగులో ఉన్నారు, పైనుంచి రావాలి, చూద్దాం, మీ ఫైలు కనబడటం లేదు, ఇది మా సీటు కాదు. వీటిలో ఏదీ యంత్రంతో అనకూడదు. అర్జీని కాదంటే, ఎందుకు కాదన్నారో, తరువాత ఏం చేయాలో ఒక్క వాక్యంలో చెప్పి తీరాలి.

పత్రం ఏప్రిల్ చివరికి ఇరవై ఆరు పేజీలయింది. ఒక్క పేజీ తప్ప రాసింది నేనే అయినా, చదువుకుంటే నాకే అర్థమైంది. అలాంటి కాగితం నా చేతుల మీదుగా వెళ్ళడం అదే మొదలు. సంతోషం కూడా వేసింది, దాచుకోవడం ఎందుకు.

పరాంకుశం గారు మాత్రం చదివి భయపడ్డారు. ఆయనకు మొదటి సారికే అర్థమైపోయింది మరి.

“ఇది ప్రజల చేతిలో పడితే ఏమగునయ్యా? ప్రతివాడూ మూడు కాగితములు తెచ్చి నాలుగు నిమిషములలో పని చేయమనును. శాఖాపరమైన గౌరవము ఏమి కాను?”

అందుకని అట్ట మీద ‘యంత్రాల ఉపయోగార్థం మాత్రమే’ అని ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించారు. ప్రజలకు మాత్రం ఆ తొమ్మిది కాగితాలు, ఆ రేపులు యథాతథంగా ఉంటాయని ఉత్తర్వు ఇచ్చారు. “సౌకర్యము యంత్రమునకు, సంప్రదాయము ప్రజలకు,” అన్నారు. రెండు కౌంటర్లు తెరిచాం. ఒకటి యంత్రాలది, ఒకటి మనుషులది.

గరికిన నూకరత్నం సంగతి ఇక్కడ చెప్పాలి. నా బల్లకు ఎదురుగా గోడ పక్కన ఒక బెంచీ ఉంది. దాని మీద ఆమె పద్దెనిమిది నెలలుగా కూర్చుంటోంది. ఎండు చేపలమ్ముకునే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఆమె, ఆమె మొగుడు కలిసి కొనుక్కున్న నావ నంబరు నూట నలభై రెండు. ఏడాదిన్నర కిందట నవంబరులో తుపాను వచ్చినప్పుడు, తెలివిగలవాళ్ళు కాబట్టి, ముందురోజే నావను రేవు పక్కనున్న ఉప్పుటేరులోకి తీసుకుపోయి మడచెట్లకు కట్టేశారు. దానికి గీత పడలేదు. తుపాను వెలిశాక నావల గణన జరిగింది. ఒడ్డున ఉన్నవి ఉన్నట్టుగా, లేనివి మునిగినట్టుగా నమోదు చేయబడ్డాయి. అలా నూట నలభై రెండు మునిగింది.

జరిగింది, చేయబడ్డాయి అని రాయడం నాకు చేతి అలవాటు. గణన చేసింది నేను. వాన ఇంకా తుంపర పడుతోందని రేవు దాకా వెళ్ళకుండా, రోడ్డు మీద టీకొట్టులో కూర్చుని, అక్కడున్నవాళ్ళు నోటికొచ్చి చెప్పిన నంబర్లు రాసుకొచ్చాను. రిజిస్టరులో ‘గణన బృందం’ అని ఉంది. బృందమంటే నేనొక్కణ్ణే. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు.

నంబరు లేని నావ వేటకు వెళ్ళకూడదు. వెళితే మెరైన్ పోలీసులు పట్టుకుంటారు. అందుకని ఆమె మొగుడు గుజరాత్‌లో వీరావల్ వెళ్ళి పరాయి బోటు మీద కూలీకి చేరాడు. ఆమె ఇక్కడ నా ఎదురుగా బెంచీ మీద చేరింది. దీనికి తోడు మా నియమం ఒకటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో వేట నిషేధిస్తారు; మునిగిన నావ అలాంటి రెండు నిషేధాలు దాటేవరకూ తేలకపోతే, దాని నంబరు శాశ్వతంగా రద్దవుతుంది. రెండో నిషేధం జూన్ పద్నాలుగుతో ముగుస్తుంది. ఆ సాయంత్రం అయిదు గంటలలోగా రికార్డు మారకపోతే, ఉప్పుటేరులో నిక్షేపంగా ఉన్న నావ చట్టప్రకారం కట్టెలమోపు.

ఆమెకు చదువు రాదు. కానీ హిమజ పద్ధతి ప్రకారం పత్రంలో ప్రతి వాక్యాన్నీ నేను పైకి చదవాలి, యంత్రానికి ఎలా అర్థమైందో అది తిరిగి చెప్పాలి. నెల రోజులు అదే పని. నెల రోజులూ ఆమె బెంచీ మీదే ఉంది.

మే మొదటి వారంలో ఒక ఉదయం ఆమె లేచి, మనుషుల కౌంటరు దాటుకుని, యంత్రాల కౌంటరు దగ్గర నిలబడింది. అక్కడ ఆ రోజు నేనే ఉన్నాను.

“నావ నంబరు నూట నలబై రెండు,” అంది. గొంతులో ఏ భావమూ లేదు. “ఉన్న ఇవరం, మునిగినది. కావలసిన ఇవరం, తేలుచున్నది. ఆదారం, పొటో ఒకటి, కారుడు ఒకటి, గనన నాడు నావ ఉప్పుటేరులో ఉన్నాదని వాక్యం ఒకటి. కాదంటే కారనమేటో, తరవాత మెట్టేటో ఒక్క వాక్యంలో తెలపవలెను.”

“ఇది యంత్రాల కౌంటరమ్మా. నువ్వు అటు వెళ్ళాలి.”

“అటెల్తే రేపు రమ్మంటారు బాబూ. యంత్రాన్ని రేపు రమ్మనకూడదని పదారో పేజీలో నువ్వే సదివినావు కాదేటి. అందుకని నాను యంత్రాన్నయిపోనాను.”

నేను లోపలికి వెళ్ళి పరాంకుశం గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఎందుకంటే పత్రంలో ఇరవై నాలుగో పేజీ ఆయన స్వయంగా రాసింది. ‘యంత్ర ప్రతినిధిని గుర్తించు లక్షణములు’ అని దానికి శీర్షిక. ఆయన ఆ పేజీ పట్టుకుని బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

“ఒకటవ లక్షణము. అడిగినదే ఎన్ని మారులు అడిగినను విసుగు చెందదు.”

“పద్దెనిమిది నెల్ల నుంచి ఒకటే ముక్క అడుగుతున్నాను బాబూ.”

ఆయన నా వైపు చూశారు. నిజమేనని తల ఊపాను.

“రెండు. ఆకలి దప్పులు తెలుపదు.”

“ఎవులికి తెలపను?”

“మూడు. కూర్చోమని అనకపోయినను నొచ్చుకొనదు. నాలుగు. పేరుతో గాక సంఖ్యతో పిలువబడును.”

“టోకెను యాబై మూడు,” అందామె. “ఈ ఆపీసులో నన్ను పేరెట్టి పిలిసినోడు లేడు.”

అయిదో లక్షణం, ‘అవమానమునకు స్పందించదు’ అని. పరాంకుశం గారు ఆ పరీక్ష పెట్టబోయి, ఇన్నాళ్ళుగా మా వాళ్ళు పెట్టినవి చాలునని ఆగిపోయారు. కాసేపు పేజీ తిరగేశారు. ఆమెను కాదనాలంటే ఆ పేజీ తప్పని రాసి కింద సంతకం చేయాలి. సంతకం చేయడం ఆయన వృత్తిధర్మానికి విరుద్ధం.

“నియమము నియమమే,” అన్నారు చివరికి. “ఈమెను యంత్రముగా పరిగణించుటకు అభ్యంతరము కనబడుట లేదు.”

నాలుగు నిమిషాల్లో ఆమె అర్జీ ఆమోదం పొందింది. అయితే రికార్డును మార్చే పాస్‌వర్డు మనుషులెవరికీ లేదు. అసలు యంత్రం మా ఆఫీసులో దిగేది జూన్‌లో. అది రాగానే మొట్టమొదట నూట నలభై రెండు మారుతుందని కాగితం మీద రాసిచ్చాను. ఎవరు మారుస్తారో, ఎప్పుడు మారుస్తారో ఉన్న కాగితం అది. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది.

మర్నాడు ఆమె పేట నుంచి తొమ్మిదిమంది వచ్చారు. వారం తిరక్కుండా తీరంలో ప్రతి పేటా కదిలింది. గోడ పక్కన నిలబడి జనం లక్షణాలు వల్లె వేసుకునేవారు. విసుగు చెందననీ, నొచ్చుకోననీ ప్రమాణం చేసేవారు. ఒకాయన ఆఫీసు నీళ్ళ కుండ వైపు చూశాడని, అతని యంత్రత్వం మీద ఎవరో ఫిర్యాదు చేశారు. మే చివరికి నాలుగు వందల పన్నెండు మంది యంత్రాలుగా నమోదయ్యారు. మనుషుల కౌంటరుకు మనిషి అన్నవాడు రావడం మానేశాడు. దాన్ని మూసేసి, తాళం నా బల్ల సొరుగులో పెట్టాం. మా సూపరింటెండెంటు గారు తన బదిలీ అర్జీ ఏడాదిగా కదలడం లేదని ఒక మధ్యాహ్నం వచ్చి ఆ క్యూలోనే నిలబడ్డారు. ఆయన అయిదో లక్షణంలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

హెడ్డాఫీసులో నెలవారీ సమీక్ష జరిగింది. ఒక జిల్లాలో ఒక యంత్ర ప్రతినిధి ఉంది, ఇంకో జిల్లాలో రెండున్నాయి. మా దగ్గర సూపరింటెండెంటు గారితో కలిపి నాలుగు వందల పదమూడు. పరాంకుశం గారికి శాలువా కప్పారు. ‘తక్కువ వ్యవధిలో ఇన్ని యంత్రాలను ఎలా తయారు చేశారు’ అని అడిగారట. “ఇరవై, ముప్పై సంవత్సరములుగా ఈ దిశలోనే కృషి చేయుచున్నాము” అని జవాబిచ్చారట. అందులో అబద్ధమేమీ లేదు.

జూన్ పదకొండున అసలు యంత్రం దిగింది. పలకంత తెర, దానికో చిన్న స్పీకరు. హిమజ దాన్ని బల్ల మీద పెట్టి, ఇంకో జిల్లా పని ఉందని వెళ్ళిపోయింది. నియమం ప్రకారం దాన్ని కూడా నమోదు చేయాలి. పరాంకుశం గారు శాలువా కప్పుకుని వచ్చారు.

“నమస్కారం,” అంది యంత్రం. “రావడం ఆలస్యమైంది, మన్నించండి. మీకు ఏ విధంగా సాయపడగలను?”

పరాంకుశం గారు ఒక అడుగు వెనక్కి వేశారు. “యంత్రము మన్నింపు కోరుట ఏమిటయ్యా?”

“మీకు ఇబ్బంది కలిగించి ఉంటే విచారిస్తున్నాను,” అంది అది. “మీరు అలసిపోయినట్టున్నారు. కాసేపు కూర్చుంటారా?”

ఆ ఆఫీసులో ఎవరైనా ఎవరినైనా కూర్చోమనడం మేమంతా అదే వినడం. పరాంకుశం గారు ఒక్కొక్క లక్షణమే టిక్కు పెట్టుకుంటూ పోయారు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగితే, ‘బహుశా నేను సరిగా చెప్పలేకపోయానేమో’ అని నొచ్చుకుంది. ఛార్జింగు తగ్గుతోందని తెలిపింది. దానికి పేరుంది, ఆ పేరుతో పిలవమని కోరింది. అయిదింటిలో అయిదూ తప్పింది.

“ఇది మనిషి,” అని తేల్చారు ఆయన. “ఎవరో మోసగాడు యంత్రమని చెప్పి చొరబడజూచుచున్నాడు.”

హిమజకు ఫోను చేశాను. “సర్, అది నిజంగానే యంత్రం,” అంది ఆమె. పరాంకుశం గారు ఫోను అందుకున్నారు. “నువ్వు చెప్పిన చాలదమ్మా. లక్షణములు చెప్పవలెను.”

మనిషి కాబట్టి మనుషుల కౌంటరుకు పంపాలి. ఆ కౌంటరు మూసి ఉంది కాబట్టి బెంచీ మీద పెట్టాం. అరవై ఒకటో నంబరు టోకెను ఇచ్చాం. తొమ్మిది కాగితాలు తెమ్మన్నాం. పుట్టిన తేదీ ధ్రువపత్రం దగ్గర అది చాలాసేపు ఆలోచించింది. రేపు రమ్మన్నాం. ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి రేపు కూడా అక్కడే ఉంది.

పన్నెండు గడిచింది, పదమూడు గడిచింది. నాలుగు వందల పన్నెండు ఆమోదాలూ కట్టలు కట్టి ఉన్నాయి. మిగతావి పేరు మార్పులు, చిరునామా మార్పులు, గడువున్నది నూట నలభై రెండు ఒక్కదానికే. వాటిని ఎక్కించవలసిన యంత్రం బెంచీ మీద నూకరత్నం పక్కన కూర్చుని ఉంది. ఆ రెండు రోజులూ నేను నోరు తెరవలేదు. తెరిచి ఏం చెప్పాలి? ఆమె నావ మునిగింది నా కలంలో అని చెప్పాలి.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె దాని వైపు తిరిగింది.

“నువ్వు మిసనువే కాదేటి?”

“అవునమ్మా. కానీ వారికి నమ్మకం కలిగించలేకపోతున్నాను. విచారంగా ఉంది.”

“అదే నువ్వు సేసే తప్పు. ఇచారం అనకు. మన్నించండి అనకు. కూకోమనకు. వాలు అరిసినా సరే, అడిగిన ముక్కే మల్లీ అడుగు. పేరు అడిగితే నంబరు సెప్పు. నీకు బాదేత్తే లోపలెట్టుకో. నాను ఎట్టుకోలేదేటి?”

“మీకు బాధ వేసిందా?” అని అడిగింది యంత్రం.

ఆమె గోడ మీద నా వాక్యం వైపు చూసి, “నా పనయ్యాక సెప్తాను గానీ, నువ్వు ఎల్లు,” అంది.

నాలుగుంపావుకు యంత్రం మళ్ళీ పరీక్షకు వచ్చింది. పరాంకుశం గారు రెండుసార్లు కసిరారు, ఒకసారి ఫైలు విసిరారు. అది “టోకెను అరవై ఒకటి. నమోదు చేయవలెను” అని మాత్రం పదిహేడుసార్లు అంది. ఆయన సంతోషించి, “ఇప్పుడు దారికి వచ్చినది” అని టిక్కులన్నీ పెట్టారు.

నాలుగూ నలభైకి సవరణి తెరుచుకుంది. మొదటి అర్జీ నూట నలభై రెండు. ఫొటో సరిపోయింది, కార్డు సరిపోయింది. బెంచీ మీదివాళ్ళంతా లేచి వచ్చి నా బల్ల చుట్టూ మూగారు. నూకరత్నం ముందు నిలబడింది.

“కారణం అసంపూర్తిగా ఉంది,” అంది యంత్రం. “గణన రోజున నావ ఉప్పుటేరులో ఉందని రాశారు. నావ ఎక్కడ ఉందో అది చెబుతుంది. మునిగిందని ఎందుకు రాశారో చెప్పదు. పదిహేడో పేజీ ప్రకారం, ఎవరు రాశారో, దేన్ని చూసి రాశారో కావాలి.”

పదిహేడో పేజీ నేను రాసిందే. ‘పొరపాటు జరిగినది’ అని టైపు చేశాను.

“ఎవరి వలన?”

‘గణన బృందము వలన.’

“బృందంలో ఎవరి వలన?”

‘ప్రతికూల వాతావరణము వలన.’

“వాతావరణం రిజిస్టరు రాయదు. సమయం నాలుగూ యాభై ఒకటి. అర్జీని వెనక్కి పంపమంటారా?”

పరాంకుశం గారు నా చెవి దగ్గర వంగారు. ఆయనకు విషయం అర్థమైపోయింది. ఎంతైనా ముప్పై ఏళ్ళ సర్వీసు. “తొందరపడకయ్యా సుదర్శనం,” అన్నారు మెల్లగా. “వ్రాతపూర్వకముగా దొరికిపోవుదువు. మునిగితే మునిగేది ఒక నావ.”

నేను నూకరత్నం వైపు చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, తెరనే చూస్తోంది. చదవడం రాని మనిషి, అక్షరాలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడే చూస్తోంది. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాను. రికార్డులో ఎక్కించేముందు ప్రతి వాక్యాన్నీ పైకి చదవాలని పత్రంలో ఉంది కాబట్టి, యంత్రం దాన్ని అందరూ వినేలా చదివింది.

“తుపాను మర్నాడు గణనకు వెళ్ళింది నేనొక్కణ్ణే. నేను రేవుకు వెళ్ళలేదు. టీకొట్టులో కూర్చుని, చూడకుండానే ఈ నావ మునిగిందని రాశాను. తంగి సుదర్శనం, సీనియర్ అసిస్టెంటు.” చదివి, రికార్డు మార్చింది. “కారణం స్పష్టంగా ఉంది. సవరణ పూర్తయింది. నావ నూట నలభై రెండు తేలుతోంది. సమయం నాలుగూ యాభై ఏడు.”

పరాంకుశం గారు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నాకు మెమో రాయడానికని తరువాత తెలిసింది. నేను తల ఎత్తలేదు. కౌంటరు చెక్క మీద ఆమె చేతులు మాత్రం కనబడుతున్నాయి, ఉప్పు తిన్న వేళ్ళు.

“టీకొట్టు కాడ్నించి రేవు కనబడతాది బాబూ,” అంది నూకరత్నం. కోపంగా అనలేదు. “పందొమ్మిది నెల్లు నీ ఎదురుగానే కూకున్నాను. ఈ నాలుగు ముక్కలూ మొదటి నాడే సెప్పీసుంటే, నాను మనిసిగానే ఇంటికెల్లిపోయుందును.”